స్లాబులో దాగిన ఫోరియర్

ప్రశ్న: మాస్టారూ, బీటెక్ రెండో ఏడు చదువుతున్నాను. ఫోరియర్ సిరీస్ బట్టీ పట్టి రాసేస్తున్నాను. అసలు అదెందుకో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మాయ్, ఆ లెక్క వేడి గురించి పుట్టింది. మే నెలలో విజయవాడలో మా డాబా మీద మధ్యాహ్నం రెండింటికి కాలు పెట్టలేం. అదే వేళకు కింద గదిలో స్టూలెక్కి పైకప్పు ముట్టుకుంటే అంత వేడి ఉండదు. సాయంత్రం ఐదయ్యాక చూడు, చెయ్యి చురుక్కుమంటుంది. స్లాబు మందం అయిదంగుళాలే! ఎండ రోజూ ఒక అలలా ఎక్కి దిగుతుంది. కాంక్రీటులోకి దిగేకొద్దీ ఆ అల నీరసపడుతుంది, ఆలస్యమవుతుంది. ఎండ తీరు ఎంత వంకరగా ఉన్నా దాన్ని సైన్, కొసైన్ అలలుగా విడగొట్టి, ఒక్కోదానికీ లెక్క కట్టి, మళ్ళీ కూడొచ్చు. అలా అలల మొత్తంగా రాయడమే ఫోరియర్ సిరీస్. త్వరత్వరగా మారే అలలు పైపైనే ఆగిపోతాయి. ఏడాది అల మాత్రం నేలలో మీటర్ల లోతుకు పోతుంది.

1807లో ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ పారిస్‌లో ఇది సమర్పిస్తే, లగ్రాంజ్ అంతటి గణిత దిగ్గజం ఒప్పుకోలేదు. 1822లో గానీ పుస్తకంగా రాలేదు. అలలన్నీ కూడితే వచ్చే మొత్తం అసలు రూపానికి ఎలాంటప్పుడు సరిపోతుందో 1829లో జర్మన్ గణితవేత్త డిరిక్లే రుజువు చేశాడు. నీ సిలబస్‌లో ఉన్న డిరిక్లే షరతుల మూలం అక్కడే ఉంది, వాటిని దాటేయకు. ముందు స్క్వేర్ వేవ్‌కి (ఒక్కసారిగా పైకీ కిందికీ మారే చదరపు అలకి) సిరీస్‌లోని మొదటి మూడు పదాలూ గ్రాఫు కాగితం మీద గీసి, చేత్తో కూడి చూడమ్మా.