పాఠకుల ప్రశ్నలు – వైఫై ఉంటుంది, నెట్ పోతుంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. మాటిమాటికీ ఆగిపోయి, ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే వస్తోంది. ఫోన్లో వైఫై గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి. రూటర్ మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఆ గీతలు ఫోనుకూ రూటర్‌కూ మధ్య సిగ్నల్ ఎంతుందో చెబుతాయి, అంతే. రూటర్ దాటి బయటికెళ్లే లైను సంగతి వాటికి తెలియదు. తెగుతున్నది ఇంట్లోనా, బయటా అన్నది తేలకుండా డబ్బు ఖర్చు పెట్టడం దండగ.

ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు (కమాండ్లు టైపు చేసే తెరలు) తెరవండి. ఒకదాంట్లో రూటర్ చిరునామాకు (చాలావాటికి 192.168.1.1, పెట్టె అడుగున రాసి ఉంటుంది), రెండోదాంట్లో 8.8.8.8కు (బయట నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్) పింగ్ పెట్టండి. పింగ్ అంటే అవతలి పరికరం పలుకుతోందా అని అడిగే కమాండ్. విండోస్‌లో అయితే చివర -t చేరిస్తే ఆగకుండా నడుస్తుంది. నెట్ పోయినప్పుడు రెండూ చూడండి. రూటర్ పలుకుతూ 8.8.8.8 ఆగిపోతే తప్పు వైఫైది కాదు, లైనుది. రూటర్ కూడా పలక్కపోతే వైఫైనో, రూటర్‌కు అందే కరెంటునో అనుమానించాలి.

లైనుదే అయితే ఫైబర్ పెట్టె సెట్టింగుల్లో ఆర్‌ఎక్స్ పవర్ (తీగలోంచి పెట్టెకు అందే వెలుగు బలం) చూడండి. ఇళ్లకిచ్చే కనెక్షన్లలో అది మామూలుగా మైనస్ 8, మైనస్ 27 డీబీఎంల (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువని అర్థం. మైనస్ 26 దగ్గర వేలాడుతుంటే గాలికి తీగ ఊగినా తెగుతుంది. గోడ మూలలో బిగించి వంచిన తీగ, కొబ్బరి మట్ట పడి నలిగిన చోటు, కనెక్టర్ చివర దుమ్ము – ముందు వెతకాల్సినవి ఇవే. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం రంగుదానికి కలిపినా పవర్ పడిపోతుంది. విప్పిన తీగ చివర కంటి ముందు పెట్టుకోకండి, చొక్కాతో తుడవకండి. ఆ పని లైన్‌మ్యాన్‌కు వదిలేయండి. ఆ అంకె మాత్రం అతనికి చెప్పండి, పని త్వరగా తెములుతుంది.

రూటర్ పేజీలో అప్‌టైమ్ (ఆన్ అయినప్పటి నుంచి గడిచిన సమయం) కూడా చూడండి. మీరు ముట్టుకోకపోయినా పదిహేను నిమిషాలే చూపిస్తుంటే అది తనంతట తానే రీస్టార్ట్ అవుతోందన్నమాట. ఎక్కువసార్లు దోషం అడాప్టర్‌దే. పాతబడిన అడాప్టర్ మీటర్ పెడితే 12 వోల్టులు చూపించినా, లోడు పడగానే దిగిపోతుంది. అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే సైజు పిన్ను ఉన్న మరో అడాప్టర్ పెట్టి ఒక రోజు చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటుకే రూటర్ ఆరిపోతుంటే, 12 వోల్టుల చిన్న యూపీఎస్ సరిపోతుంది.

ప్రశ్న: పాలకొల్లులో మా డాబా పైఅంతస్తుకు పాత రూటర్ ఒకటి కలిపాం. అప్పటి నుంచి ఒక్కోసారి ఒక్కో ఫోనుకు నెట్ రావడం లేదు.

జవాబు: రెండు రూటర్లూ ఐపీ చిరునామాలు పంచుతున్నాయి. రెండింటికీ ఒకే చిరునామా కూడా ఉండి ఉంటుంది. పై రూటర్‌ను 192.168.1.2కు మార్చి, దాంట్లో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపేయండి. కింది నుంచి వచ్చే తీగను దాని వ్యాన్ పోర్టులో (బయటి లైనుకు ఉద్దేశించింది) కాదు, ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలకు ఉద్దేశించింది) పెట్టండి. ఒకదానికొకటి అడ్డు రాకుండా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి ఛానల్ 1, రెండోదానికి 6 లేదా 11 ఇవ్వండి.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువు. ఇంటి నుంచి 300 మీటర్ల దూరంలోని మోటారు షెడ్డుకు 5 గిగాహెర్ట్జ్ లింకుతో కెమెరాలు పెట్టాం. అప్పుడప్పుడూ లింకు పడిపోతోంది.

జవాబు: రెండు యాంటెన్నాలూ ఒకదానికొకటి కనిపిస్తే చాలదు. 300 మీటర్ల దూరానికి మధ్యలో ఆ చూపు గీత చుట్టూ కనీసం మీటరుంపావు ఖాళీ కావాలి. ఆ మేరలో కొబ్బరాకు ఉంటే ఎండాకాలం నడిచి, వానకు తడిశాక ఆగుతుంది. తడి ఆకు సిగ్నల్‌ను మింగేస్తుంది. అడ్డేమీ లేకపోతే చెరువు నీటి మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ అసలుదాన్ని దెబ్బతీస్తుండవచ్చు. ఒక వైపు యాంటెన్నాను అర మీటరు పైకో కిందకో జరిపి చూడండి, తేడా తెలుస్తుంది.

ఛానల్ 52 నుంచి 144 లోపు ఉంటే మార్చేయండి. అవి రాడార్లు కూడా వాడే ఛానళ్లు. అక్కడ రాడార్‌ను పసిగట్టాననుకున్న పరికరం ఆ ఛానల్ వదిలేసి, కొత్తదాన్ని కనీసం నిమిషం పాటు విని గానీ మళ్లీ మొదలుపెట్టదు. 149 నుంచి 165 వరకు ఆ బెడద లేదు.

ఇక ఉప్పుగాలి. యాంటెన్నాకు కరెంటు మోసే తీగ కొసన ఆర్‌జే45 (నెట్ తీగ ప్లగ్గు) పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉంటే తుడిచి లాభం లేదు. కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించండి. తీగ యాంటెన్నాలోకి వెళ్లేముందు కిందికి ఓ వంపు వదిలితే వాననీరు అక్కడే కారిపోతుంది.