వ్యసనంపై పరిశోధనకు ఎంబీబీఎస్ తప్పనిసరా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి జువాలజీతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. మత్తుపదార్థాలు మెదడును, ప్రవర్తనను ఎలా మారుస్తాయో పరిశోధిస్తానంటోంది. ఎంబీబీఎస్ లేకుండా సాధ్యమేనా? తాగుబోతుల మధ్య ఆడపిల్లకు పనేమిటని బంధువులు అంటున్నారు.

జవాబు: సాధ్యమేనండీ. మందులు రాసే అధికారం సైకియాట్రిస్టుదే కానీ, పరిశోధక బృందంలో సైకాలజీ, న్యూరోసైన్స్, స్టాటిస్టిక్స్ చదివినవారూ ఉంటారు.

ఈ విద్యకు పునాదుల్లో ఒకటి 1954 నాటిది. మెదడులోని ఒక భాగానికి స్వల్ప విద్యుత్ ప్రేరణ అందుతుందంటే చాలు, ఎలుకలు మళ్లీ మళ్లీ మీట నొక్కుతాయని కెనడాలో ఓల్డ్స్, మిల్నర్ అనే పరిశోధకులు గమనించారు. నేడు మనుషుల మీద జరిగే అధ్యయనాల్లో, చికిత్సకు వచ్చినవారికి సీసా బొమ్మో సిగరెట్ బొమ్మో చూపి మెదడులో ఏ భాగాలు చురుకవుతాయో ఎఫ్ఎంఆర్ఐ అనే స్కానింగ్‌లో చూస్తారు. ఈరోజు వచ్చే కొద్ది సొమ్ము కావాలా, నెల ఆగితే వచ్చే పెద్ద మొత్తం కావాలా అని అడిగి తొందరపాటును కొలుస్తారు. ఎథిక్స్ కమిటీ ఆమోదం, రోగి రాతపూర్వక సమ్మతి లేనిదే ఇవేవీ మొదలుకావు. ఈ పని ఎక్కువగా ఆసుపత్రిలో, సీనియర్ల పర్యవేక్షణలో జరుగుతుంది కనుక బంధువుల భయానికి ఆధారం తక్కువ. అసలు కష్టం వేరే ఉంది: చికిత్స మధ్యలో మానేసిన రోగిని నెలల తరబడి ఓపికగా ఫోనులో పలకరిస్తూ, మళ్లీ తాగాడో లేదో నిజం చెప్పించడం. మన యాసలో మనవాళ్లతో మాట్లాడగల పరిశోధకురాలికి అక్కడ చాలా విలువ ఉంటుంది.

ముందు అమ్మాయి తేల్చుకోవలసింది ఒకటే: చికిత్స చేయాలనుందా, కొలిచి తెలుసుకోవాలనుందా? చికిత్స అయితే సైకాలజీలో పీజీ చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఇలాంటి కోర్సులను గుర్తించే కేంద్ర సంస్థ) గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు పూర్తిచేయాలి. బీఎస్సీ జువాలజీతో నేరుగా అందులోకి వెళ్లడం కుదరదు. పరిశోధనే అయితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ (మెదడు, ఆలోచనల అధ్యయనం) కేంద్రంలో పీజీ నాకు మొదట తోచే చోటు. ఆ తరవాత పీహెచ్‌డీకి బెంగళూరులోని జాతీయ మానసిక, నాడీ ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వంటివి ఉన్నాయి. జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. అయినా స్థిరమైన ఉద్యోగానికి ఏడెనిమిదేళ్లు పట్టవచ్చు. ఆ ఆలస్యానికి ఇంట్లో అందరూ ముందే సిద్ధపడాలి.

ఈలోగా స్టాటిస్టిక్స్, దానికి వాడే ‘ఆర్’ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టమనండి. సెలవుల్లో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల సైకియాట్రీ విభాగాధిపతికి లేఖ రాసి, కొన్నాళ్లు ఓపీని గమనించేందుకు అనుమతి అడగవచ్చు. సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ పీజీ ప్రకటన సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది కాబట్టి దరఖాస్తు గడువును ఇప్పటినుంచే గమనిస్తూ ఉండండి.