రేటింగు సరే, బేస్‌లైన్ చూశారా?

ప్రశ్న: మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. ఉద్యోగుల విమాన ప్రయాణాల ఉద్గారాలకు బదులుగా కార్బన్ క్రెడిట్లు కొనాలని యాజమాన్యం నిర్ణయించి, ప్రాజెక్టులను పోల్చే పని నాకు అప్పగించింది. మేము చందా కట్టిన డేటా వేదికలో అనంతపురం జిల్లాలోని పాత పవన విద్యుత్ ప్రాజెక్టు, తెలంగాణ వరి పొలాల్లో మీథేన్ తగ్గించే ప్రాజెక్టు రెండూ కనిపిస్తున్నాయి. మొదటిది బాగా చవక. దేన్ని ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు చూస్తున్న వేదిక ఆ సమాచారాన్ని సొంతంగా పుట్టించదు. ప్రాజెక్టులను నమోదు చేసుకుని క్రెడిట్లు జారీచేసే వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ వంటి రిజిస్ట్రీల్లో ఉన్న వివరాలను సేకరించి, ఒకచోట పేర్చి, కొన్నిసార్లు తన రేటింగును జోడిస్తుంది. అందువల్ల దాన్ని జల్లెడగా వాడుకోండి. తీర్పు మాత్రం రిజిస్ట్రీలోని ప్రాజెక్టు పత్రాన్ని, పర్యవేక్షణ నివేదికను చదివాకే ఇవ్వండి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగు రిజిస్ట్రీల ప్రాజెక్టులను ఒకే పట్టికగా చేసి ఉచితంగా ఇస్తున్నారు కనుక, చందా వేదిక చూపే అంకెలను దానితో సరిచూసుకోవచ్చు.

ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన తగ్గింపు. క్రెడిట్ల సొమ్ము రాకపోయి ఉంటే ఏం జరిగేదన్న అంచనానే బేస్‌లైన్ అంటారు, తగ్గింపును దానితో పోల్చే లెక్కిస్తారు. పవన విద్యుత్ క్రెడిట్లు చవకగా దొరకడానికి కారణం ఇక్కడే ఉంది. గాలిమరలు ఆ సొమ్ముతో నిమిత్తం లేకుండానే గిట్టుబాటయ్యే దశకు వచ్చాయని భావించి, వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ 2019లోనే, బాగా వెనుకబడిన దేశాల్లో తప్ప, గ్రిడ్‌కు అనుసంధానమైన కొత్త భారీ ప్రాజెక్టులకు తలుపులు మూశాయి. అంతకుముందు నమోదైనవి మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. పునరుత్పాదక విద్యుత్ ప్రాజెక్టుల తగ్గింపును లెక్కించే అప్పటి పద్ధతులు తన నాణ్యతా ప్రమాణాలకు తూగవని, క్రెడిట్ల నాణ్యతను బేరీజు వేసే స్వచ్ఛంద మార్కెట్ సమగ్రతా మండలి (ఐసీవీసీఎం) 2024లో తేల్చింది. గాలిమర తిరగడం లేదని ఎవరూ అనడం లేదు. మీరు డబ్బు ఇవ్వకపోయినా అది తిరిగేదే అన్నదే ఆక్షేపణ.

అలాగని వరి ప్రాజెక్టును కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. మడిలో నీరు నిలిస్తే ఆక్సిజన్ అందని మట్టిలో సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. పొలాన్ని మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ తడిపితే అది తగ్గుతుంది. నూరేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడి పెంచుతుంది కాబట్టి ఈ పని విలువైనదే. అయితే ఆ రైతులు ఇంతకుముందు సీజనంతా నీరు నిలిపే సాగు చేశారని పత్రంలో రాసి ఉంటే, బోరు నీళ్లకూ కరెంటుకూ ఎదురుచూసే ఊళ్లలో అది ఎంతవరకు నిజమో అడగండి. పొలం అప్పటికే ఆరుతూ ఉంటే తగ్గింపు కాగితం మీదే మిగులుతుంది. ఆరబెట్టినప్పుడు పెరిగే నైట్రస్ ఆక్సైడ్‌ను లెక్కలో తీసివేశారో లేదో కూడా చూడండి. వెర్రా 2023లో వరి ప్రాజెక్టుల పాత లెక్కింపు పద్ధతి వాడకాన్ని ఆపి, 2025లో వీఎం0051 అనే కొత్తదాన్ని తెచ్చింది కనుక ప్రాజెక్టు దేని కింద నమోదైందన్నది మొదట తెలియాలి.

ఈ ప్రశ్నలకు సరైన జవాబులుంటే, ధర ఎక్కువైనా వరినే ఎంచుకోండి. జవాబులు లేకపోతే రెండూ వదిలేయడం మేలు. కొన్నాక మీ సంస్థ పేరు, క్రమసంఖ్యలతో సహా క్రెడిట్లు రిజిస్ట్రీలో రిటైర్ అయినట్టు, అంటే ఇక ఎవరూ మళ్లీ అమ్మలేనట్టు, నమోదు కావాలి. అమ్మినవారి ధ్రువపత్రం ఒక్కటే చాలదు.

ప్రశ్న: కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ పైకప్పు మీద 50 కిలోవాట్ల సౌర పలకలు పెట్టాము. మాకూ క్రెడిట్లు వస్తాయా?

జవాబు: ఏడాదికి 70 వేల యూనిట్లు వచ్చాయనుకున్నా, మన గ్రిడ్ ఉద్గారం యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు కాబట్టి 50 టన్నులు, అంటే 50 క్రెడిట్లు, దాటవు. తగ్గింపును ధ్రువీకరించే స్వతంత్ర తనిఖీదారు రుసుముకే అవి చాలవు. పైగా కరెంటు బిల్లు తగ్గుతుందనే మీరు పలకలు పెట్టించి ఉంటే, పై జవాబులో గాలిమరలకు చెప్పిన ఆక్షేపణ మీకూ వర్తిస్తుంది.