భార్యాభర్తలిద్దరూ ఒకేరోజు రక్తం ఇస్తే ఇబ్బందా?

పెళ్లిరోజున ఇద్దరం కలిసి రక్తదానం చేద్దామనుకుంటే, ఒకేసారి ఇద్దరూ నీరసపడితే ఇల్లు ఎవరు చూస్తారని పెద్దలు వారిస్తున్నారని మీరు రాశారు. సందేహించకుండా ఇవ్వండి. రాజోలు ప్రాంతంలో ఉండే మేమిద్దరం ఏళ్ల తరబడి ఒకేరోజు వెళ్లి ఇచ్చి వస్తున్నాము. అందువల్ల ఏనాడూ మా ఇంట వంట ఆగలేదు, మర్నాడు పొలం పనీ ఆగలేదు. ఒంట్లో ఉండే నాలుగైదు లీటర్లలో వారు తీసుకునేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటినవారి దగ్గరైతే 450 వరకు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది. ఎర్రకణాలు కుదురుకోవడానికి వారాలు పడుతుంది కనుకనే మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు విరామం పెట్టారు. కలిసి వెళ్లడం కోసం నేను కూడా 120 రోజులూ ఆగుతాను.

అయితే పెళ్లిరోజు దాకా ఆగవద్దని నా సలహా. పుట్టినరోజులకూ వర్ధంతులకూ ఫ్లెక్సీలు కట్టి ఒక్క పూటలో వందల మంది దగ్గర రక్తం తీసే శిబిరాలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. మామూలుగా నిల్వ చేసిన రక్తం 35 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు మాత్రమే పనికివస్తాయి. అంతా ఒకేరోజు ఇచ్చేసి తరువాత మూడు నెలలు ఎవరూ అటు వెళ్లకపోతే, ఎండాకాలంలో కాన్పుకు వచ్చిన మనిషికి ఏమి ఎక్కిస్తారు?

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఒక వానాకాలపు రాత్రి. నా భార్యది బి నెగటివ్. మొదటి కాన్పు సమయంలో మాకు ఆ సంగతి తెలిసింది. నాది పాజిటివ్, బిడ్డదీ పాజిటివే కావడంతో తరువాతి బిడ్డకు హాని చేసే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఆమె ఒంట్లో పుట్టకుండా, కాన్పైన 72 గంటలలోపు యాంటీ-డి ఇంజెక్షన్ చేయించారు. అరుదైన గ్రూపు కాబట్టి బ్లడ్ బ్యాంకులో మా ఫోన్ నంబరు ఇచ్చి ఉంచాము. ఆ రాత్రి అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. లంక గ్రామం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి కాన్పు తరువాత రక్తస్రావం ఆగడం లేదనీ, ఉన్న ఒక్క బి నెగటివ్ ప్యాకెట్టూ ఎక్కిస్తున్నామనీ, ఇంకొకటి కావాలనీ చెప్పారు. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, పక్కింటివారి కారులో చించినాడ వంతెన దాటి వెళ్లాము.

మేము చేరేసరికి ఆ అమ్మాయి భర్త చొక్కా చేయి పైకి మడిచి, తన రక్తం ఎంత కావాలంటే అంత తీసుకోమని బతిమాలుకుంటున్నాడు. అతని గ్రూపు వేరనీ, గ్రూపు కలిసినా ఇంకా పిల్లల్ని కనే వయసున్న భార్యకు భర్త రక్తం ఎక్కించకుండా చూస్తామనీ, దానివల్ల ఆమె ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలు తరువాతి బిడ్డకు హాని చేయవచ్చనీ టెక్నీషియన్ ఓపికగా చెప్పాడు. ఆ కుర్రవాడు అలాగే గోడకు జారగిలబడి ఏడ్చాడు. అప్పుడు నా భార్య, “బాబూ, నువ్విచ్చేది ఇంకొకరి ఇంటి ఆడపిల్లకు పనికొస్తుంది, లే” అన్నది. అతను లేచి వచ్చి నా పక్క మంచం మీదే పడుకుని రక్తం ఇచ్చాడు.

తీసిన రక్తానికి హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ చేసిన తరువాతనే రోగికి ఇస్తారు. కాబట్టి నా భార్య ఇచ్చినది తెల్లవారుజామున గాని ఆ అమ్మాయికి చేరలేదు. అప్పటిదాకా ఆమె ప్రాణం నిలిపింది, ఎవరో ముందుగానే ఒక మామూలు రోజున ఇచ్చి వెళ్లిన ఆ మొదటి ప్యాకెట్టేనని నా గట్టి నమ్మకం. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు.

భార్యాభర్తలు కలిసి వెళ్లడంలో నాకు కనిపించిన మరో మేలు ఉన్నది. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నది. మూడు పంటలు పండే ఈ డెల్టాలో, చేపలకూ ఆకుకూరలకూ కొదవలేని ఇళ్లలో కూడా, అందరికీ వడ్డించి మిగిలినది తినే అలవాటే ఇందుకు ముఖ్య కారణమని నేను భావిస్తాను. ఒకసారి నా భార్యను కూడా హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపారు. పక్కనే ఉన్నాను కనుక ఆ మాట నేనూ విన్నాను. ఒంటరిగా వెళ్లి ఉంటే ఆమె ఇంటికి వచ్చి నాతో చెప్పేది కాదు. ఆనాటి నుంచి డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు వేసుకోవడం, ఐరన్‌ను సరిగా ఒంటబట్టనివ్వదని భోజనం కాగానే టీ తాగడం మానడం, అందరం కలిసి కూర్చుని తినడం మొదలుపెట్టాము. కొన్ని నెలలకు ఆమె మళ్లీ ఇవ్వగలిగింది.

మీ శ్రీమతి గర్భవతి అయినా, పాలిచ్చే తల్లి అయినా, కాన్పై ఏడాది నిండకపోయినా ఈసారికి మీరొక్కరే ఇవ్వండి. ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. ఇచ్చిన తరువాత కాసేపు అక్కడే పడుకుని, కొబ్బరినీళ్లో మజ్జిగో బాగా తాగండి. ఆ రోజు బరువులు ఎత్తవద్దు. తిరిగి వచ్చేటప్పుడు బండి నడపడానికి ఇంకొకరిని తీసుకువెళ్లండి. వద్దంటున్న పెద్దలే వస్తామంటే మరీ మంచిది. మీ ఇద్దరిలో ఎవరిదైనా నెగటివ్ గ్రూపు అయితే మాత్రం, మీ నంబరు బ్లడ్ బ్యాంకులో రాయించి, అర్ధరాత్రి పిలిచినా వస్తామని చెప్పి రండి.