తొలగించిన ఫైలు సున్నాలతో తిరిగొస్తే

ప్రశ్న: నేర్చుకోవడం కోసం లినక్స్‌లో జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) ఉన్న ఒక చిన్న ఫైల్ సిస్టమ్ రాస్తున్నాను. ఫైలును తొలగించగానే దాని బ్లాకులు ఇక అక్కర్లేదని ఎస్‌ఎస్‌డీకి తెలిపే డిస్కార్డ్ ఆదేశాన్ని ఈమధ్యే చేర్చాను. అప్పటినుంచి, తొలగించిన వెంటనే కరెంటు పోతే, మళ్లీ మౌంట్ చేసినప్పుడు ఆ ఫైలు పేరు, సైజు యథాతథంగా కనిపిస్తున్నాయి గాని లోపల అన్నీ సున్నాలే. డిస్కార్డ్ తీసేస్తే ఈ సమస్య లేదు. లోపం డిస్కులో ఉందా, నా కోడ్‌లో ఉందా?

జవాబు: డిస్కు మీరు చెప్పిన పనే చేసింది, లోపం ఆదేశం పంపిన సమయంలో ఉంది. ఫైలును తొలగించినప్పుడు ముందుగా మారేవి మెమరీలోని బిట్‌మ్యాప్ (ఏ బ్లాకు ఖాళీయో చూపే పట్టిక), ఐనోడ్ (ఫైలు వివరాల నమోదు) మాత్రమే. ఆ మార్పు జర్నల్‌లోకి చేరి, ఆ మార్పు పూర్తయిందని చెప్పే కమిట్ రికార్డు డిస్కు మీద స్థిరపడేదాకా ఆ ఫైలు ఉన్నట్టే లెక్క. ఆలోగా కరెంటు పోతే రికవరీ పాత స్థితినే తిరిగి తెస్తుంది, తేవాలి కూడా. మీ కోడ్ కమిట్ కోసం ఆగకుండా డేటాను ముందే వదిలేయమంది కనుక పేరు మిగిలింది, సరుకు పోయింది.

కాబట్టి తొలగింపు జరిగిన చోటే డిస్కార్డ్ పంపకండి. విడుదలైన బ్లాకుల వివరాలను ఆ ట్రాన్సాక్షన్‌కు (ఒకేసారి కమిట్ అయ్యే మార్పుల గుంపుకు) చెందిన జాబితాలో ఉంచి, కమిట్ రికార్డు ఫ్లష్ అయ్యాకే (డిస్కు మీద శాశ్వతంగా చేరాకే) పంపండి. ఆ డిస్కార్డ్ పూర్తయ్యేదాకా ఆ బ్లాకులను అలొకేటర్‌కు (కొత్త ఫైళ్లకు బ్లాకులు కేటాయించే కోడ్‌కు) అందనివ్వకండి. ఈ రెండో షరతును విస్మరిస్తే మరింత ప్రమాదం: అదే బ్లాకులో కొత్త ఫైలు రాసుకున్నాక, క్యూలో వెనకబడిన పాత డిస్కార్డ్ వచ్చి దాన్ని తుడిచేస్తుంది, కరెంటు పోనక్కర్లేదు, ఏ ఎర్రరూ కనిపించదు. ఖాళీ బ్లాకులన్నిటికీ ఒకేసారి డిస్కార్డ్ పంపించే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండ్ నడిపినప్పుడు, లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 సైతం ఖాళీ బ్లాకులను తాత్కాలికంగా వాడుకలో ఉన్నట్టు గుర్తుపెట్టి, డిస్కార్డ్ పూర్తయ్యాకే వాటిని తిరిగి ఖాళీగా చూపుతుంది.

హద్దుల లెక్కను కూడా సరిచూసుకోండి. డిస్కు 16 బ్లాకుల చొప్పున మాత్రమే డిస్కార్డ్ స్వీకరిస్తుందనుకుందాం. 21 నుంచి 50 వరకు ఖాళీ అయితే, పంపదగినది 32 నుంచి 47 వరకే. మొదలును కిందికి, చివరను పైకి సవరిస్తే 16 నుంచి 20 వరకు, 51 నుంచి 63 వరకు ఉన్న వేరొకరి డేటా కూడా పోతుంది. వదిలేసిన డిస్కార్డ్ వల్ల పోయేది కొంత వేగమే. తప్పుగా పంపినదాని వల్ల పోయేది డేటా. అందుకే సందేహం ఉన్నచోట పంపకపోవడమే సరైనదని నా అభిప్రాయం. ఇటువంటి పొరపాట్లు అనుభవజ్ఞుల కోడ్‌లోనూ జరుగుతాయి. 2019లో వచ్చిన లినక్స్ 5.1లో, డివైస్ మ్యాపర్‌లో (డిస్కుల మీద వర్చువల్ డిస్కులను ఏర్పరిచే లినక్స్ భాగంలో) టార్గెట్ హద్దును, అంటే ఒక్కో ఆదేశం దాటకూడని హద్దును, పాటింపజేసే కోడ్ ఒక మార్పులో తొలగిపోవడంతో డిస్కార్డ్‌లు హద్దు దాటి వెళ్లి, ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిపిన కొందరి డేటా పోయింది. తరువాతి సవరణ ఆ హద్దును తిరిగి అమలుచేసింది.

పరీక్షకు నిజమైన ఎస్‌ఎస్‌డీ మీద ఆధారపడకండి. డిస్కార్డ్ అయిన చోటును చదివితే కొన్ని డిస్కులు సున్నాలు ఇస్తాయి, కొన్ని పాత డేటానే ఇస్తాయి. అక్కడ లోపం దాగిపోతుంది. ఒక ఫైలు మీద లూప్ డివైస్ (ఫైలునే డిస్కుగా చూపే సాధనం) పెట్టుకుంటే డిస్కార్డ్ చేసిన భాగం ఆ ఫైలులో ఖాళీ రంధ్రంగా మారుతుంది, డిస్కులో ఫైలు ఆక్రమించిన చోటును చూపే డీయూ కమాండ్‌తో తగ్గిన పరిమాణాన్ని చూడవచ్చు. కరెంటు పోయిన పరిస్థితికి డివైస్ మ్యాపర్‌లోని డీఎమ్-లాగ్-రైట్స్ వాడండి. ప్రతి రైట్‌ను, ఫ్లష్‌ను, డిస్కార్డ్‌ను అది వరుసగా నమోదు చేస్తుంది, కావలసిన చోటు వరకు తిరిగి నడిపించి అక్కడ మౌంట్ చేసి చూడవచ్చు. ఆ నమోదులో తొలగింపుకు సంబంధించిన కమిట్ ఫ్లష్ కన్నా ముందు డిస్కార్డ్ కనిపిస్తే, సవరణ ఇంకా పూర్తికాలేదన్నమాట.