అల్యూమినియం కాల్చి కరెంటు తీయడం లాభమేనా? (సమాధానం)

అల్యూమినియం పొడి అంత వేడిగా మండుతుంది కదా, దాంతో పవర్ ప్లాంట్ ఎందుకు నడపరని అడిగారు. మండే మాట నిజమే. కిలోకి సుమారు 31 మెగాజౌళ్లు, అంటే 8.6 యూనిట్ల వేడి. చిక్కల్లా, ఆ లోహం గనిలో లోహంగా దొరకదు. ఆక్సిజన్‌తో కలిసిన ఆక్సైడ్‌గా ఉంటుంది, అందులోంచి కిలో లోహం తీయడానికే 13-15 యూనిట్ల కరెంటు కావాలి. ఆ వేడితో టర్బైన్ తిప్పితే చేతికొచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు. ఇదేం బేరం!

కాబట్టి లోహాన్ని ఇంధనం అనుకోకండి, మిగులు కరెంటు దాచుకునే సాధనం అనుకోండి. అప్పుడు ఇనుప పొడి కాస్త నయం. మండాక తుప్పులాంటి ఆక్సైడ్ పొడి మిగులుతుంది, మిగులు కరెంటుతో తీసిన హైడ్రోజన్‌తో దాన్ని మళ్లీ ఇనుముగా మార్చొచ్చు. 2020లో నెదర్లాండ్స్‌లో ఒక బీరు ఫ్యాక్టరీలో ఇలాగే ఆవిరి పుట్టించి చూశారు. అక్కడ కావాల్సింది వేడే, కరెంటు కాదు. నా దృష్టిలో దీనికి తగిన చోటు అదే.