సమావేశానికి రాని రాష్ట్రం మీ అమ్మాయి వాటాకు వస్తే

సందేహం: మేము కిందటి వేసవిలో గుంటూరు నుంచి న్యూజెర్సీకి వచ్చాము. మా అమ్మాయి ఐదో తరగతి. సోషల్ స్టడీస్ క్లాసులో 1787 నాటి రాజ్యాంగ సమావేశాన్ని పిల్లల చేత నడిపిస్తున్నారట. చీటీలు వేస్తే మా అమ్మాయికి రోడ్ ఐలండ్ వచ్చింది. తీరా చదివితే ఆ రాష్ట్రం సమావేశానికి ప్రతినిధులనే పంపలేదని తెలిసింది. మూడు వారాల్లో ప్రాజెక్టు ఇవ్వాలి. అమెరికా చరిత్ర మా ఇద్దరికీ తెలియదు. థర్మోకోల్‌తో ఆ సమావేశం జరిగిన ఇండిపెండెన్స్ హాల్ నమూనా చేయిద్దామని మా వారంటున్నారు. టీచరును అడిగి వేరే రాష్ట్రం మార్పించుకోవచ్చా?

సమాధానం: మార్పించకండి. ఆ తరగతిలో అందరికంటే మంచి చీటీ మీ అమ్మాయికే వచ్చిందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పే ముందు ఆ థర్మోకోల్ సంగతి తేల్చాలి, ఎందుకంటే పద్దెనిమిదేళ్ల క్రితం నేనూ అదే పొరపాటు చేశాను.

మా అబ్బాయికి అప్పట్లో, ఇంగ్లండు నుంచి వలసదారులను అమెరికాకు తెచ్చిన మేఫ్లవర్ ఓడ గురించి ప్రాజెక్టు ఇచ్చారు. మేమిద్దరం రెండు శనివారాలు కూర్చుని, మూడు తెరచాపలతో, తాళ్లతో, చూసినవాళ్లు ముచ్చట పడేంత అందమైన ఓడను తయారు చేశాం. వాడు జిగురు సీసా మూత తీసి అందించాడు. తరగతిలో టీచరు ఓడను మెచ్చుకుని, ఆ ఓడలో సుమారు నూరుమంది ప్రయాణికులుంటే 1620లో తమను తాము పాలించుకుంటామన్న ఒడంబడికపై సంతకాలు చేసినవాళ్లు 41 మందే ఎందుకయ్యారని అడిగారు. వాడు నీళ్లు నమిలాడు. సంతకం చేసినవాళ్లంతా మగవాళ్లేనని, ఆడవాళ్లకూ పిల్లలకూ ఆ అవకాశమే లేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఆ ఓడకు మార్కులు ఎంతవరకు వచ్చాయో మీరే ఊహించుకోండి.

మన బడుల్లో ప్రాజెక్టు అంటే చార్ట్ పేపరు, స్కెచ్ పెన్నులు, చక్కటి దస్తూరి. ఇక్కడ ప్రాజెక్టుతోపాటు రూబ్రిక్ అని ఒక కాగితం ఇస్తారు. ఏ అంశానికి ఎన్ని పాయింట్లో అందులో గడులు గీసి రాసి ఉంటుంది. మీరు మొదట చదవవలసినది పాఠ్యపుస్తకం కాదు, ఆ కాగితమే. అలంకరణకు కేటాయించిన వాటా సాధారణంగా చిన్నదే ఉంటుంది. ఆనాటి పత్రాల నుంచి ఆధారం చూపడం, ఆ ఆధారం ఏమి నిరూపిస్తుందో సొంత మాటల్లో వివరించడం, ఎక్కడి నుంచి తీసుకున్నారో రాయడం వంటి వాటికే ఎక్కువ పాయింట్లు ఉంటాయి. రూబ్రిక్ ఇవ్వకపోతే టీచరుకు ఈమెయిల్ పెట్టి అడగండి. అలా అడగడాన్ని ఇక్కడ ఎవరూ తప్పుగా తీసుకోరు.

ఇక మీరు తెలుసుకోవలసిన నేపథ్యం. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 13 రాష్ట్రాలు 1781 నుంచి ఒక బలహీనమైన సమాఖ్య ఒప్పందం కింద నడిచాయి. పన్నులు వేసే అధికారం కేంద్రానికి లేదు, రాష్ట్రాలను బతిమాలుకోవలసిందే. ఒప్పందాన్ని సవరించాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. ఈ చిక్కులు విప్పడానికి 1787 మే నుంచి సెప్టెంబరు 17 వరకు ఫిలడెల్ఫియాలో 55 మంది ప్రతినిధులు వేర్వేరు సమయాల్లో హాజరై, బయటకు పొక్కకుండా కిటికీలు మూసుకుని చర్చించారు. చివరకు సంతకాలు చేసినవారు 39 మంది. జనాభా ప్రకారం ప్రాతినిధ్యం ఉండాలని పెద్ద రాష్ట్రమైన వర్జీనియా, అన్ని రాష్ట్రాలకూ సమానంగా ఉండాలని మీరిప్పుడు ఉంటున్న న్యూజెర్సీ పట్టుబట్టగా, ఒక సభలో అలా, రెండో సభలో ఇలా అన్న రాజీ జులై 16న ఒకే ఒక్క రాష్ట్రపు ఓటు తేడాతో నెగ్గింది.

ఈ రాజీని మీ అమ్మాయికి వివరించడానికి మీకు వేరే పుస్తకం అవసరం లేదు. లోక్‌సభ, రాజ్యసభ ఆమెకు తెలిసినవే. రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11 స్థానాలు, తెలంగాణకు 7, ఉత్తరప్రదేశ్‌కు 31. అదే అన్ని రాష్ట్రాలకూ సమాన స్థానాలిచ్చే అమెరికా సెనేట్ పద్ధతి అయితే మూడింటికీ తలా రెండే. అది న్యాయమా అని అడగండి. ఉత్తరప్రదేశ్ తరఫున మీరు, తెలంగాణ తరఫున ఆమె వాదించండి. భోజనాల దగ్గర తెలుగులోనే వాదించనివ్వండి. వాదన తెలుగులో కుదిరితే ఇంగ్లీషులోకి దానంతటదే వస్తుంది, యాసను గురించి మీరు బెంగపడనక్కరలేదు.

ఇప్పుడు రోడ్ ఐలండ్ దగ్గరకు వద్దాం. మిగతా పిల్లలందరూ "మా రాష్ట్రం ఇది కోరింది" అని చెబుతారు. మీ అమ్మాయి మాత్రం "మా రాష్ట్రం ఎందుకు రాలేదు" అన్నదానికి జవాబు చెప్పాలి. చరిత్రలో నిజమైన ప్రశ్న అటువంటిదే. ఆ చిన్న రాష్ట్రానికి అలక పాత అలవాటు. మసాచుసెట్స్ నుంచి మత విషయంలో వెలివేయబడిన రోజర్ విలియమ్స్ 1636లో ఈ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌ను స్థాపించాడు. ఎవరి మతం వారిదన్న పట్టుదల అప్పటి నుంచీ ఉంది. దిగుమతులపై కేంద్రం సుంకం వేస్తానన్నప్పుడు 1782లో కాదని అడ్డుకున్నదీ ఈ రాష్ట్రమే. రేవు సుంకాలే దాని ఆదాయం మరి.

1786లో అప్పుల్లో ఉన్న రైతుల పక్షం అక్కడ అధికారంలోకి వచ్చి లక్ష పౌండ్ల కాగితపు డబ్బు అచ్చువేసింది. దాని విలువ నెలల్లోనే పడిపోయింది. ఆ నోట్లు తీసుకోబోమని వర్తకులు అన్నారు, తీసుకోకపోతే జరిమానా అని శాసనసభ చట్టం చేసింది. న్యూపోర్ట్‌లో మాంసం కొట్టు నడిపే జాన్ వీడెన్ ఆ కాగితానికి సరుకు ఇవ్వననడంతో ట్రెవెట్ అనే కొనుగోలుదారు ఫిర్యాదు చేశాడు. ఆ కేసు పైకోర్టుకు వెళ్లి, కొట్టివేయబడింది. కొత్త రాజ్యాంగం వస్తే రాష్ట్రాలు కాగితపు డబ్బు అచ్చువేయడం ఆగిపోతుందన్న భయం ఆ పక్షానికి ఉంది, ఆ భయం నిజమే అయింది కూడా. అందుకే ప్రతినిధులను పంపలేదు. ప్రావిడెన్స్ వర్తకులు మాత్రం తమ రాష్ట్రం రానందుకు విచారిస్తూ 1787 మేలో సమావేశానికి ఉత్తరం రాశారు.

ఇంత సరుకు ఉండగా థర్మోకోల్ భవనం ఎందుకు? నేనైతే తరగతిలో ఒక ఖాళీ కుర్చీ వేయించమని టీచరును కోరేదాన్ని. మీ అమ్మాయి ఆ కుర్చీ వెనుక నిలబడి, ముందుగా వర్తకుడి ఉత్తరం, తర్వాత అప్పుల్లో ఉన్న రైతు జవాబు చదవాలి. రెండూ ఆమె రాసినవే కావాలి. అసలు ఉత్తరాన్ని చదివి, అందులోని ఒక వాక్యాన్ని ఉటంకించి, మిగతాది సొంతంగా రాయవచ్చు. కాగితపు డబ్బు నమూనాలు తయారుచేసి తరగతిలో పంచవచ్చు. ఒక పిల్లవాడిని మాంసం కొట్టు యజమానిగా నిలబెట్టి, ఆ నోటు తీసుకుంటావా తీసుకోవా అని అడిగితే తరగతి మొత్తం తలో మాట అంటుంది. ద్రవ్యోల్బణం అన్న మాట వాడకుండానే అది వాళ్లకు అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త: రైతును మూర్ఖుడిగా, వర్తకుడిని వివేకిగా చూపవద్దు. యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, జీతంగా వచ్చిన పత్రాలను సగం ధరకైనా అమ్ముకోలేక, పన్ను కట్టలేక భూమి పోగొట్టుకున్నవాళ్లు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. పక్క రాష్ట్రమైన మసాచుసెట్స్‌లో అటువంటి రైతులే 1786లో డేనియల్ షేస్ నాయకత్వంలో ఆయుధాలు పట్టారు.

బానిసత్వం సంగతి కూడా దాటవేయవద్దు. రాజ్యాంగంలో బానిసల దిగుమతిని 1808 వరకు నిషేధించరాదన్న నిబంధన ఉంది. రోడ్ ఐలండ్‌లోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు దాన్ని వ్యతిరేకించారు. అదే రాష్ట్రపు న్యూపోర్ట్ రేవు నుంచి దశాబ్దాలపాటు బానిసల వ్యాపారపు ఓడలు నడిచాయి. రెండూ నిజమే, రెండూ చెప్పాలి. అయితే దీన్ని వేషాలతో అభినయించడం మాత్రం ఒప్పుకోకండి. పిల్లల చేత బానిసలుగా, యజమానులుగా నటింపజేయడం పక్కన కూర్చున్న నల్లజాతి పిల్లలకు ఎంత బాధ కలిగిస్తుందో ఆలోచించండి. ఆదివాసీల విషయంలోనూ అంతే. ఈకల తలపాగాలు కట్టడం సృజనాత్మకత కాదు. హోడెనషోనీలు అనే ఆదివాసీ జాతుల సమాఖ్య ఎలా నిర్ణయాలు తీసుకునేదో, వాంపం పూసల పట్టీలపై ఒప్పందాలను ఎలా భద్రపరిచేవారో పటం గీసి వివరిస్తే అది గౌరవంగానూ ఉంటుంది, ప్రభుత్వమనే పాఠానికి నేరుగా సంబంధించినదీ అవుతుంది.

ఈ సంవత్సరంలోనే మరికొన్ని ప్రాజెక్టులు వస్తాయి కాబట్టి రెండింటి గురించి చెబుతాను. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జరిపిన కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాల్ రివియర్ చెక్కిన చిత్రంలో సైనికులు వరుసగా నిలబడి, అధికారి ఆజ్ఞ మీద కాల్చినట్లు ఉంటుంది. విచారణలో సాక్షులు చెప్పినది వేరు. జనం మంచు గడ్డలు విసిరారు, కర్రలు పట్టుకొచ్చారు. సైనికుల తరఫున వాదించినవాడు తర్వాత దేశానికి రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు నిర్దోషులుగా విడుదలయ్యారు. చిత్రాన్ని ఒకవైపు, సాక్ష్యాలను ఒకవైపు అతికించి, ఎక్కడెక్కడ పొసగడం లేదో దారంతో కలిపి చూపడం ఒక్క బోర్డుతో అయ్యే పని. వాట్సాప్‌లో వచ్చే ప్రతి బొమ్మనూ నమ్మే మన పెద్దలకు కూడా పనికొచ్చే ప్రాజెక్టు అది.

రెండోది 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో టీ పెట్టెలను నీళ్లలో పారవేసిన ఘట్టం. ఆ టీ చైనాది, సరుకు ఈస్టిండియా కంపెనీది. ఇక్కడ మన పిల్లలు చెప్పగలిగినది మరెవరూ చెప్పలేరు. అమెరికాపై కాగితాలకు పన్ను వేసే బ్రిటిష్ స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, అదే కంపెనీకి దఖలు పడ్డాయి. కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది 1611లో, అంటే మేఫ్లవర్ ఓడ రావడానికి తొమ్మిదేళ్ల ముందే. 1770 బెంగాల్ కరువు సంగతి అమెరికావాళ్లకు తెలుసు. అక్కడి రాజకీయ రచయిత జాన్ డికిన్సన్ 1773లో రాసిన ఒక లేఖలో, ఆసియాలో ఈ కంపెనీ చేసిన ఘోరాలను చూపించి, ఇక్కడా అదే చేస్తుందని హెచ్చరించాడు. 1781లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్‌ దగ్గర ఓడిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. తర్వాతి దశాబ్దంలో అది మన సర్కారు జిల్లాలకూ వచ్చింది. ప్రపంచ పటంపై బోస్టన్, కలకత్తా, మచిలీపట్నం గుర్తించి గీతలు కలిపితే మీ అమ్మాయికి ఈ చరిత్ర పరాయిదిగా అనిపించదు. అయితే పాఠం అమెరికాది. మన సంగతి బోర్డులో ఒక మూల ఉంటే చాలు, మొత్తం ఆక్రమించకూడదు.

ఆధారాల కోసం నేషనల్ ఆర్కైవ్స్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లలో అసలు పత్రాల ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి. న్యాయమూర్తి సాండ్రా డే ఓ'కానర్ 2009లో ప్రారంభించిన వెబ్‌సైట్ ఐసివిక్స్‌లో ప్రభుత్వ నిర్మాణంపై ఆటలు ఉన్నాయి, మీరూ ఆడండి. రేపు పౌరసత్వ పరీక్షలో ఇవే ప్రశ్నలు మీకూ వస్తాయి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగం లైబ్రేరియన్‌కు రూబ్రిక్ చూపించండి, పుస్తకాలు ఏరి చేతిలో పెడతారు. న్యూజెర్సీలో ఉన్నారు కనుక ఒక శనివారం ఫిలడెల్ఫియా వెళ్లిరండి. ఇండిపెండెన్స్ హాల్‌తోపాటు నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌లో ఆ ప్రతినిధుల నిలువెత్తు కంచు విగ్రహాలు 42 ఉన్నాయి. సంతకం చేసిన 39 మందితోపాటు, చివరిదాకా ఉండి సంతకం చేయనన్న ముగ్గురినీ నిలబెట్టారు. రోడ్ ఐలండ్ విగ్రహం కోసం వెతకమని మీ అమ్మాయికి చెప్పండి.

మీరు చేయగలిగిన పనులు వేరే ఉన్నాయి. ఉత్తరాల కాగితానికి పాతదనం రావాలంటే పాలు లేని టీ డికాషన్‌లో ముంచి తీసి, దండెం మీద ఆరబెట్టాలి. ఓవెన్‌లో పెట్టి, అంచులు కాల్చి విన్యాసాలు చేయకండి, అపార్ట్‌మెంటులో స్మోక్ అలారం మోగితే అగ్నిమాపక దళం వస్తుంది. కత్తెర పని, ప్రింటవుట్లు, చదివేటప్పుడు గడియారం పట్టుకోవడం మీవి. వాక్యాలు మాత్రం ఆమెవి. మీరు దిద్దిన వాక్యం, ఏఐ రాసిన పేరా టీచరుకు మొదటి చూపులోనే తెలిసిపోతాయి.

చివరి అట్ట మీద ఏమి రాయాలన్నది ఆమెకే వదిలేయండి. నన్ను అడిగితే ఈ వివరం రాయమంటాను. వాషింగ్టన్ అధ్యక్షుడై ఏడాది గడిచింది, ఉత్తర కెరోలినా కూడా చేరిపోయింది, వాణిజ్యం తెంచేస్తామని సెనేట్ బిల్లు ఆమోదించింది, విడిపోతామని ప్రావిడెన్స్ బెదిరించింది. అప్పుడు, 1790 మే 29న, రోడ్ ఐలండ్ రాజ్యాంగాన్ని ఆమోదించింది. అనుకూలం 34, ప్రతికూలం 32.